అన్ని తప్పులు చేసే జియస్‌కు ఎందుకు మొక్కారు?

ప్రశ్న:

మా పాపకు పన్నెండేళ్ళు, ఏడో తరగతి. స్కూల్ లైబ్రరీ నుంచి గ్రీకు పురాణ కథల పుస్తకం ఒకటి తెచ్చుకుని వారం రోజులుగా అదే లోకంగా ఉంది. మొన్న రాత్రి అన్నం తింటూ, "అమ్మా, ఈ జియస్ ఒకసారి హంసలా, ఒకసారి ఎద్దులా మారి ఆడవాళ్ళను మోసం చేస్తాడు, ఎత్తుకుపోతాడు. పెళ్ళాన్ని ఏడిపిస్తాడు. ఇలాంటివాడికి గుడి కట్టి దండం ఎందుకు పెట్టారు? ఇవి కథలేనని వాళ్ళకు తెలుసా, తెలీదా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. పక్కనే ఉన్న మా అత్తయ్యగారు, చిన్నపిల్ల చదవాల్సిన కథలు కావివి, పుస్తకం ఇచ్చెయ్యండి అన్నారు. ఆవిడ మాట కాదనలేను, పాప ఉత్సాహం మీద నీళ్ళు చల్లలేను. ఇదే టెన్షన్. ఆ కాలపు మనుషులు ఈ కథల్ని నిజంగా నమ్మారా? వాటితో వాళ్ళ బతుకులో ఏం పని ఉండేది? రోమ్‌వాళ్ళు అవే దేవుళ్ళకు పేర్లు మార్చి పెట్టుకున్నారని ఎక్కడో చదివాను, నిజమేనా?

— ఒక తల్లి, ఖమ్మం

జవాబు:

అమ్మా, పుస్తకం వెనక్కి ఇవ్వకండి. ముందు ఆ మాట చెప్పేసి, మిగతాది నిదానంగా రాస్తాను.

మీ పాప అడిగిన ప్రశ్నను సుమారు 2,400 ఏళ్ళ కిందట ఏథెన్స్‌లో ఒక కుర్రాడు వేలమంది ముందు అడిగాడు. నిజం కుర్రాడు కాదు, నాటకంలో పాత్ర. పేరు అయాన్. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో యూరిపిడీస్ రాసిన నాటకం అది. అయాన్‌కు తల్లీతండ్రీ ఎవరో తెలియదు. డెల్ఫీలో అపోలో గుడిలో పెరిగాడు. తెల్లారేసరికి లారెల్ రెమ్మల చీపురుతో గుడి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, కానుకల మీద వాలి పాడుచేసే పక్షుల్ని తోలడం అతని పని. ఆ పనంటే అతనికి ప్రాణం. ఒకరోజు ఏథెన్స్ రాణి క్రెయూసా ఆ గుడికి వస్తుంది. ఎవరో స్నేహితురాలికి జరిగిందని చెబుతూ తన కథే చెబుతుంది. అపోలో ఒక అమ్మాయిని బలవంతం చేశాడు, బిడ్డ పుట్టింది, భయపడి ఆ పసికందును గుహలో వదిలేసింది, ఆ తర్వాత దేవుడు వాళ్ళ వైపు తిరిగి చూడలేదు.

ఆమె వెళ్ళాక అయాన్ తన దేవుణ్ణే నిలదీస్తాడు. మనుషులకు చట్టాలు రాసిపెట్టిన మీరే చట్టం తప్పితే అది న్యాయమా అని అడుగుతాడు. నువ్వు, పొసైడన్, జియస్ చేసిన బలాత్కారాలకు జరిమానా కట్టాల్సి వస్తే మీ గుళ్ళన్నీ ఖాళీ అయిపోతాయి అంటాడు. మాటలు నావి, భావం అతనిదే. ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. ఈ మాటలు మొదలుపెట్టే ముందు అతను, ఇదంతా నాకెందుకు, గుడి పాత్రల్లో బంగారు బిందెలతో నీళ్ళు నింపాలి అనుకుంటాడు. దేవుడి సేవా, దేవుడికి చీవాట్లూ ఒకే నోట, ఒకే ఊపిరిలో. గుహలో వదిలేసిన ఆ బిడ్డ తానేనని అతనికి అప్పటికి తెలియదు.

ఏథెన్స్‌లో ఈ విషాద నాటకాలు ఆడేది డయోనిసస్ దేవుడి ఉత్సవాల్లోనే. అంటే దేవుళ్ళను ఇలా ప్రశ్నించడం గుడి బయట గొణుక్కున్న మాట కాదు, ఉత్సవంలో భాగం. అందుకే మీ పాప ప్రశ్న తలతిక్క ప్రశ్నని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మీ అత్తగారి మాటా తీసిపారేసేది కాదు. కొలోఫోన్ ఊరివాడైన జెనోఫనీస్ అనే కవి అంతకు వందేళ్ళ ముందే, మనుషుల్లో సిగ్గుపడే పనులన్నీ, దొంగతనం, వ్యభిచారం, ఒకరినొకరు మోసం చేసుకోవడం, హోమర్, హెసియడ్ అనే పాత కవులు కలిసి దేవుళ్ళకు అంటగట్టారని కోప్పడ్డాడు. ఇక తత్వవేత్త ప్లేటో అయితే తన 'రిపబ్లిక్' గ్రంథంలో తల్లులు, దాదులు పిల్లలకు ఏ కథలు చెప్పవచ్చో ముందు పరిశీలించాలన్నాడు. తండ్రిని కొడుకు హింసించిన కథలు, దేవుళ్ళు కొట్టుకున్న కథలు పసివాళ్ళ చెవిన పడకూడదన్నాడు. చిన్నప్పుడు మనసులో నాటుకున్నది తర్వాత ఎంత కడిగినా పోదన్నది ఆయన భయం. మీ అత్తగారి భయమూ అదే కదా. ఆవిడకు ఈ సంగతి చెప్పండి. గ్రీకు కథలు పిల్లలకు వద్దన్న మొదటి పెద్దమనిషి గ్రీకువాడే.

ఇప్పుడు నమ్మారా లేదా అన్న దగ్గరికి వద్దాం. దీనికి ఒక గాలి కథ చెబుతాను. ఏథెన్స్‌లో ఇలిసస్ అని చిన్న ఏరు ఉండేది. దాని ఒడ్డున ఆడుకుంటున్న రాజుగారమ్మాయి ఓరిథియాను ఉత్తర గాలి దేవుడు బోరియస్ ఎత్తుకుపోయి పెళ్ళి చేసుకున్నాడని కథ. మీ పాప పుస్తకంలో ఇది ఉండే ఉంటుంది. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్క్సీస్ వందలాది ఓడలతో గ్రీసు మీదికి వచ్చాడు. అప్పుడు ఏథెన్స్‌వాళ్ళకు, మీ అల్లుణ్ణి సాయం పిలవండి అని దైవవాక్కు వచ్చిందట. అల్లుడెవరు? మన ఊరి పిల్లను చేసుకున్నవాడు ఎవరు? బోరియస్! వెంటనే అతనికీ ఓరిథియాకూ బలులిచ్చి మొక్కారు. తుఫాను లేచింది. పర్షియా ఓడలు తక్కువలో తక్కువ నాలుగు వందలు రాళ్ళకు కొట్టుకుని ముక్కలయ్యాయని చరిత్రకారుడు హెరడోటస్ రాశాడు. ఏథెన్స్‌వాళ్ళు ఇంటికొచ్చి ఆ ఇలిసస్ ఒడ్డునే అల్లుడుగారికి గుడి కట్టారు. హెరడోటస్ మాత్రం, గాలి ఆ మొక్కు వల్లే లేచిందో కాదో నేను చెప్పలేను, ఏథెన్స్‌వాళ్ళు అలా అంటున్నారు అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు, అదే ఏటి ఒడ్డున ఎండలో నడుస్తూ ఫీడ్రస్ అనే యువకుడు తత్వవేత్త సోక్రటీస్‌ను అడుగుతాడు: బోరియస్ అమ్మాయిని ఎత్తుకుపోయింది ఇక్కడేనా? మీరు ఈ కథ నిజమని నమ్ముతారా? ఈ సంభాషణ ప్లేటో రాసిందే. సోక్రటీస్ జవాబు చూడండి. తెలివైనవాళ్ళలా నేనూ చెప్పగలను, ఉత్తర గాలి గట్టిగా వీచి పిల్ల బండల మీంచి పడి చనిపోయి ఉంటుంది, దాన్నే ఎత్తుకుపోయాడన్నారని. కానీ అలా మొదలుపెడితే సగం గుర్రం సగం మనిషిగా ఉండే సెంటార్లకు, రెక్కల గుర్రాలకు, అన్నిటికీ ఇలాగే కారణాలు వెతకాలి. నాకంత తీరిక లేదు. నన్ను నేనే ఇంకా తెలుసుకోలేదు. అందుకే ఈ విషయంలో నలుగురూ అనుకునేదే నేనూ అనుకుంటాను. ఇంత చెప్పి, సాయంత్రం అక్కడి నుంచి లేచేటప్పుడు ఆ చోటి దేవుడు పాన్‌కు నిలబడి ప్రార్థన చేస్తాడు, నన్ను లోపల అందంగా చెయ్యి అని.

అమ్మా, మీ పాపకు ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పండి. ఒకే కథ. ఓడలు మునిగే రోజున అది ప్రాణాలు నిలబెట్టే చుట్టరికం. తీరిగ్గా నడిచే రోజున పక్కన పెట్టగలిగే పాత కబురు. నిజమా అబద్ధమా అని మనం రెండు గళ్ళు గీసి ఏదో ఒక గడిలో టిక్ పెట్టమంటున్నాం. వాళ్ళు ఆ గళ్ళు గీసుకోలేదు. అందరూ ఒప్పుకోవాల్సిన ఒక్క పవిత్ర గ్రంథం వాళ్ళకు లేదు, కథ ఇలాగే చెప్పాలని శాసించే పీఠం లేదు. ఊరికో రకంగా చెప్పుకున్నారు. ట్రోయ్ యుద్ధానికి మూలమని కవులు తిట్టిన హెలెన్‌కు స్పార్టాలో గుడి కట్టి పూజించారు.

అయితే ఏం చేసినా చెల్లిందనుకోకండి. క్రీ.పూ. 399లో ఆ సోక్రటీస్ మీదే కేసు పెట్టి చంపారు. అభియోగాల్లో ఒకటి, నగరం గుర్తించే దేవుళ్ళను గుర్తించడం లేదని. ఫలానా కథ నమ్మలేదని ఆ అభియోగంలో లేదు. కథ విషయంలో స్వేచ్ఛ ఉండేది. నలుగురితో కలిసి చేసే పూజ విషయంలో అంత ఉండేది కాదు.

జియస్ దగ్గరికి వస్తాను, పాప కోపం ఆయన మీదే కాబట్టి. పాప చదివిన జియస్ కవుల జియస్. సగటు గ్రీకు ఇంట్లో రోజూ కనిపించే జియస్ వేరు. ఇంటి ముంగిట ప్రహరీ లోపల ఒక బలిపీఠం, అది ప్రహరీని కాచే జియస్. కొట్టుగదిలో చెవులకు తెల్ల ఉన్ని చుట్టిన కుండ, దానిలో మంచినీళ్ళు, ఆలివ్ నూనె, రకరకాల పండ్లు వేసి ఉంచేవారు. అది ఇంటి సొత్తును కాచే జియస్. గడప తొక్కిన అతిథికి అన్నం పెట్టకపోతే అడిగేది జియస్, చేసిన ప్రమాణం తప్పితే పట్టుకునేది జియస్. హంస రూపం ఎత్తినవాడి కోసం కాదు వాళ్ళు చేతులెత్తింది. కొట్టుగదిలో గింజ తరగకుండా, మాట ఇచ్చినవాడు తప్పకుండా చూసేవాడి కోసం. పేరొకటే. ఏథెన్స్‌లో ఆర్కన్ అనే పెద్ద పదవికి ఎంపికైనవాణ్ణి కొన్ని ప్రశ్నలు అడిగేవారు. నీ తండ్రి ఎవరు, తాత ఎవరు, మీ ఇంటి ప్రహరీ జియస్ ఎక్కడ ఉన్నాడు, మీ కుటుంబ సమాధులు ఎక్కడ, తల్లిదండ్రులను బాగా చూసుకుంటున్నావా, పన్నులు కడుతున్నావా, యుద్ధాలకు వెళ్ళావా? ఇంటి దేవుడి చిరునామా అక్కడ మనిషి చిరునామా. జియస్ ఏం చేశాడని మీరు నమ్ముతారు అన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు.

తిండిలోకీ కథ వచ్చేది. మామూలు ఇళ్ళలో ఎద్దు మాంసం దొరికేది ఎక్కువగా బలి రోజునే. తొడ ఎముకలను కొవ్వులో చుట్టి దేవుడి పేర కాల్చేవారు. గుండె, కార్జం వంటివి అక్కడికక్కడే కాల్చి తినేవారు. మిగతా మాంసం వాటాలు వేసి పంచుకునేవారు. దేవుడికి ఎముకలు, మనిషికి మాంసమా? దానికి హెసియడ్ చెప్పిన కథ ఉంది. మనుషుల పక్షాన ఉండే ప్రొమీథియస్ అనే దేవుడు ఒక ఎద్దును కోసి రెండు వాటాలు వేశాడు. మంచి మాంసం పొట్ట తోలు కింద దాచాడు, ఉత్త ఎముకల మీద నిగనిగలాడే కొవ్వు పరిచాడు. కొవ్వున్న వాటా జియస్ తీసుకున్నాడు. అలిగి మనుషులకు నిప్పు లేకుండా చేశాడు. అంటే పండగ పూట మాంసం నోట్లో పెట్టుకున్న ప్రతి మనిషీ ఆ పాత తగాదాలో తన వాటా తింటున్నాడన్నమాట.

ఇక పాపకు మీరే కూర్చోబెట్టి చెప్పాల్సిన కథ పంటల దేవత డిమీటర్ కథ. దీన్ని తొందరగా దాటెయ్యలేను, ఎందుకంటే ఎత్తుకుపోవడాల గురించి పాప అడిగినదానికి అసలు జవాబు నాకు ఇందులోనే కనిపిస్తుంది.

పెర్సెఫొనీ పూలు కోస్తుంటే నేల చీల్చుకుని పాతాళ రాజు హేడీస్ రథంలో వచ్చి పాతాళానికి ఎత్తుకుపోయాడు. తండ్రి జియస్ ఒప్పుకున్నాకే ఇది జరిగింది. తల్లి డిమీటర్‌ను ఎవరూ అడగలేదు. కూతురి కేక వినిపించింది, ఆనవాలు దొరకలేదు. తొమ్మిది రోజులు కాగడాలు పట్టుకుని, తిండి ముట్టక, స్నానం చెయ్యక తిరిగింది. చివరికి ముసలమ్మ రూపంలో ఎల్యూసిస్ ఊరి బావి దగ్గర కూలబడింది. అక్కడి రాజుగారి ఇంట్లో ఆమెను ఆదరించారు. మౌనంగా కూర్చున్న ఆ తల్లిని ఇయాంబీ అనే పనిమనిషి కొంటె మాటలతో నవ్వించింది. ద్రాక్షసారాయి ఇస్తే వద్దంది, బార్లీ పిండి, నీళ్ళు, పుదీనా కలిపిన పానీయం అడిగి తాగింది. ఆ తర్వాత ఆమె అలకకు భూమి మీద గింజ మొలవలేదు. మనుషులు చచ్చిపోతే దేవుళ్ళకు నైవేద్యాలేవి? జియస్ దిగిరాక తప్పలేదు. అయితే పిల్ల అప్పటికే పాతాళంలో దానిమ్మ గింజ తినేసింది. అందుకని ఏడాదిలో మూడో వంతు అక్కడ, మిగతాది తల్లి దగ్గర.

ఈ కథను గ్రీకులు చెప్పుకుని ఊరుకోలేదు. చేశారు. ఏటా ఏథెన్స్ నుంచి ఎల్యూసిస్‌కు సుమారు 20 కిలోమీటర్లు ఊరేగింపుగా నడిచేవారు. డిమీటర్ పస్తున్నట్టే పస్తుండేవారు, ఆమె తాగిన బార్లీ పానీయమే తాగేవారు. గ్రీకు భాష వచ్చి, చేతికి హత్యా దోషం అంటని ఎవరికైనా అక్కడ దీక్ష ఇచ్చేవారు. ఆడవాళ్ళకూ ఇచ్చేవారు, బానిసలకూ ఇచ్చేవారు. మనిషిని సొత్తుగా కొని అమ్మే సమాజంలో ఇది చిన్న విషయం కాదు. లోపల చూసినది బయట చెప్పకూడదు. తర్వాతి కాలంలో రోమ్ నుంచి వచ్చి దీక్ష తీసుకున్న సిసిరో అనే వక్త, ఏథెన్స్ లోకానికి ఇచ్చినవాటిలో ఇంతకంటే గొప్పది లేదనీ, సంతోషంగా బతకడమే కాదు, మంచి ఆశతో చనిపోవడమూ అక్కడ నేర్చుకున్నామనీ రాశాడు.

విత్తనాలు వేసే ముందు ఆడవాళ్ళు మాత్రమే చేసుకునే థెస్మొఫోరియా పండగ కూడా డిమీటర్‌దే. ఏథెన్స్‌లో మూడు రోజులు. పెళ్ళయిన ఆడవాళ్ళు ఇళ్ళు వదిలి వచ్చి ఒకచోట ఉండేవారు. మగవాళ్ళకు ప్రవేశం లేదు. నడి రోజున నేల మీద కూర్చుని పస్తుండేవారు, ఆ తల్లి దుఃఖంలా. ఒకరినొకరు మోటుగా ఆటపట్టించుకునేవారు, ఇయాంబీ నవ్వించినట్టు. గుంటల్లో ముందే వేసిన పందిపిల్లల అవశేషాలు పైకి తెచ్చి విత్తనాల్లో కలిపేవారు, పంట బాగా పండాలని.

ఎందుకింత పట్టింపు అంటే, అక్కడ ఆడపిల్లకు పద్నాలుగు, పదిహేనేళ్ళకే పెళ్ళి చేసేవారు. వరుడికి తరచు ఆమెకు రెండింతల వయసు. తండ్రి మాటిచ్చేవాడు, పిల్ల వెళ్ళేది. తల్లి అభిప్రాయానికి చట్టంలో చోటు లేదు. పెర్సెఫొనీ కథ ప్రతి ఇంట్లో జరిగేదే. తేడా ఒక్కటే, ఆ కథలో తల్లి ఊరుకోలేదు. లోకాన్ని ఆపేసింది. ఏడాదికి మూడు రోజులైనా ఆ తల్లి పక్కన నేల మీద కూర్చోవడానికి ఏథెన్స్ ఆడవాళ్ళకు ఆ పండగ చోటిచ్చింది. ఎత్తుకుపోవడం మంచిదని ఆ కథ చెప్పలేదు, ఎత్తుకుపోతే తల్లికి ఏమవుతుందో చెప్పింది.

ఏథెన్స్ మ్యూజియంలో ఫ్రాసిక్లియా అనే అమ్మాయి సమాధి విగ్రహం ఉంది. క్రీ.పూ. 6వ శతాబ్దం మధ్య నాటిది, 1972లో తవ్వకాల్లో బయటపడింది. పెళ్ళి కాకుండానే చనిపోయిన పిల్ల. చేతిలో విచ్చని తామర మొగ్గ. కింద రాత ఇలా ఉంటుంది: నన్ను ఎప్పటికీ కన్య అనే పిలుస్తారు, పెళ్ళికి బదులు దేవుళ్ళు నాకిచ్చిన పేరు ఇది. కన్య అన్నచోట ఉన్న గ్రీకు మాట కోరె. పెర్సెఫొనీకి మరో పేరు కూడా అదే. ఆ రాత చదివిన ప్రతిసారీ ఆ రాయి చెక్కించిన తల్లిదండ్రులు గుర్తొస్తారు. పురాణం వాళ్ళకు పొద్దుపోవడానికి కాదు, మాట రాని చోట మాట కోసం.

రోమ్ సంగతి. పేర్లు మార్చారన్నది సగం నిజం. జియస్‌కు జూపిటర్, హేరాకు జూనో, యుద్ధ దేవుడు ఆరీస్‌కు మార్స్ అని జత కట్టారు. నిజానికి జియస్, జూపిటర్ అన్న పేర్లు, మన ఋగ్వేదంలోని ద్యౌస్ పితా అన్న పేరు ఒకే పాత మూలం నుంచి వచ్చినవని భాషా శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఇది పాపకు చెబితే సంబరపడుతుంది. కానీ పేరు కలిసింది కదా అని స్వభావాలు కలపొద్దు. మార్స్‌నే చూడండి. హోమర్ కావ్యంలో ఆరీస్‌ను చూసి, దేవుళ్ళందరిలో నాకు నువ్వంటేనే అసహ్యం అంటాడు జియస్. రోమ్‌లో మార్స్ అంటే నగరం కట్టిన రోములస్‌కు తండ్రి, మార్చి నెలకు పేరిచ్చినవాడు, పొలానికి తెగులు రాకుండా రైతు మొక్కుకునే దేవుడు.

ఇంకో పెద్ద తేడా ఉంది. రోమన్ పూజకు కథ లేకపోయినా నడుస్తుంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో అనే పెద్దమనిషి వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో, తోపులో చెట్లు నరికే ముందు పంది బలి ఇచ్చి చెప్పాల్సిన ప్రార్థన ఉంది. నువ్వు దేవుడివైనా, దేవతవైనా, ఈ తోపు ఎవరిదైతే వాళ్ళకు, అని మొదలవుతుంది. పేరు తెలియదు, ఆడో మగో తెలియదు, కథ అసలే లేదు. అయినా చెట్టు కొట్టే ముందు అడిగి కొట్టాలి. ఇళ్ళలో లారెస్ అనే చిన్న దేవుళ్ళు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయీ ఇళ్ళలో వాళ్ళ గూళ్ళు ఈనాటికీ కనిపిస్తాయి, వంటింటి గోడల మీద కూడా. కొత్త కోడలు ఆ ఇంటి లారెస్‌కు ఒక నాణెం తెచ్చేది. కుర్రాడు పెద్దవాడైన రోజున చిన్నప్పటి నుంచి మెడలో ఉన్న రక్షరేకు తీసి వాళ్ళ ముందు పెట్టేవాడు. ఈ లారెస్ గురించి చెప్పుకోవడానికి పెద్ద కథలేమీ లేవు.

కథలు కావలసివచ్చింది పాలకులకు. జూలియస్ సీజర్ తన మేనత్త అంత్యక్రియల్లో మా వంశం వీనస్ దేవత నుంచి వచ్చిందని బహిరంగంగా చెప్పాడు. తర్వాత ఆ వీనస్ తల్లికి క్రీ.పూ. 46లో రోమ్ నడిబొడ్డున గుడి కట్టాడు. తండ్రిని భుజాన మోసుకుని కాలిపోతున్న ట్రోయ్ నుంచి బయటపడుతున్న ఈనియస్ బొమ్మ నాణేల మీద వేయించాడు. ఈనియస్ వీనస్ కొడుకు మరి. సీజర్ హత్య తర్వాత అతన్ని దేవుణ్ణి చేశారు. దత్తపుత్రుడు, రోమ్ మొదటి చక్రవర్తి ఆగస్టస్ దేవుడి కొడుకయ్యాడు, ఆగస్టస్ పోయాక అతనూ దేవుడే. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఆగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌లవి ఉన్నాయి. టైబీరియస్ వెండి నాణెం మీద అచ్చు వేసే మాట, దైవమైన ఆగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ అని. మిరియాలకు, బట్టలకు వెలగా సముద్రం దాటిన నాణెంతో పాటు ఆ కథా మీకు ఇంత దగ్గరికి వచ్చింది. చదివినవాళ్ళు లేకపోవచ్చు, వెండి మాత్రం బరువు తూగింది.

అధికారం ఇలా కథను వాడుకుందని చెప్పి రోమ్‌ను అక్కడే వదిలేస్తే అన్యాయం అవుతుంది. రోమ్ దగ్గరి ఆస్టియా రేవులో వడ్రంగుల సంఘానికి పెద్దగా చేసిన యూహోడస్ అనే ఆయన, భార్య మెటీలియా ఆక్టి కోసం క్రీ.శ. 160ల ప్రాంతంలో ఒక రాతి శవపేటిక చేయించాడు. ఇప్పుడది వాటికన్‌లో ఉంది. దాని మీద ఆల్సెస్టిస్ కథ చెక్కారు. భర్తకు బదులు తాను చనిపోవడానికి ఒప్పుకున్న భార్య ఆల్సెస్టిస్. హెరాక్లీస్ అనే వీరుడు ఆమెను మృత్యులోకం నుంచి వెనక్కి తెచ్చాడు. శిల్పంలో ఆల్సెస్టిస్‌కు కథలోని పడుచు ముఖం పెట్టలేదు. మెటీలియా ముఖం పెట్టారు, వయసు మళ్ళిన ఆమె అసలు ముఖం. భర్త పాత్రకు యూహోడస్ ముఖం. హెరాక్లీస్ నిజంగా వచ్చి భార్యను తెస్తాడని ఆ వడ్రంగి పెద్ద నమ్మాడా అని అడగడానికి నాకు నోరు రాదు.

ఇంతకీ ఇంట్లో ఏం చెయ్యాలి? పాప చదివే పుస్తకం మీరు కూడా చదవండి. ఎత్తుకుపోవడాన్ని పిల్లల పుస్తకాలు చాలాసార్లు ప్రేమ అని రాసేస్తాయి. అక్కడ ఆగి, ఇది ప్రేమ కాదు, బలవంతం అని పాపతో స్పష్టంగా చెప్పండి. ఆ కాలపు ఏథెన్స్ నాటకంలో క్రెయూసా కూడా అలాగే చెప్పింది. పన్నెండేళ్ళ పిల్ల ఆ తేడా మీ నోటి నుంచి వినడమే మంచిది. వాళ్ళకు తెలుసా తెలీదా అన్నదానికి ఇలిసస్ ఏటి కథ చెప్పండి, అల్లుణ్ణి పిలిచిన ఊరు, తీరిక లేదన్న సోక్రటీస్, రెండూ. ఆదివారం పూట డిమీటర్ కథ పాప చేతే వాళ్ళ నానమ్మకు చెప్పించండి. కూతురి కోసం తొమ్మిది రోజులు తిండి మాని తిరిగిన తల్లి ఆవిడకు పరాయిదిగా అనిపించదు. కథ విన్నాక ఆవిడ ఏమన్నారో నాకు రాయండి.